గీటురాయి చెప్పనిది

మా నాన్న పట్టెడ దగ్గర ఒక నియమం ఉండేది. ఎవరు పాత నగ తెచ్చి కొత్తది చేయమన్నా వాళ్ల కళ్ల ముందే కరిగించేవాడు. రెండిళ్ల బంగారం ఒకే మూసలో పడనిచ్చేవాడు కాదు. కుంపటి రాజేసి, మూసలో ముక్కలు వేసి, చిటికెడు వెలిగారం చల్లి ఊదుతుంటే ఆ ముక్కల అంచులు ముడుచుకునేవి. ఎర్రబడి, ఒకదాన్నొకటి లాక్కుని, చివరికి ఒక్క చుక్కై మూసలో గిర్రున తిరిగేవి. నగ తెచ్చినావిడ పీట మీద కూర్చుని రెప్ప వేయకుండా చూసేది. "కలిశాక ఎవరిదేదో బ్రహ్మకైనా తెలీదమ్మా, జాగ్రత్తంతా కలవక ముందే" అనేవాడు నాన్న.

ఇన్నేళ్ల తర్వాత, బంగారం ఎక్కడి నుంచి వస్తోందని చదివే కొద్దీ ఆ మాటే గుర్తొస్తోంది.

మాది కుప్పం వైపు. కోలారు బంగారు గనులు మాకు పొరుగే. 1880ల నుంచి 2001 ఫిబ్రవరి 28 దాకా అక్కడ తవ్వారు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అంత లోతులో రాయి ఉన్నట్టుండి పేలేది. దాని కింద పడి పోయినవాళ్లున్నారు, రాతిధూళి పీల్చి సిలికోసిస్‌తో దగ్గి దగ్గి పోయినవాళ్లున్నారు. బంగారం తీశాక మిగిలిన పొడి గుట్టలు, జనం సయనైడ్ గుట్టలని పిలిచేవి, ఇప్పటికీ ఊళ్ల పక్కనే ఉన్నాయి. గాలి వీస్తే ఆ పొడి లేచి ఇళ్ల మీద పడుతుంది. ఇంతా చేస్తే ఆ 120 ఏళ్లలో వచ్చిన బంగారం 800 టన్నుల పైచిలుకు. ఈమధ్య మన దేశం ఏటా దిగుమతి చేసుకుంటున్నది 700 నుంచి 800 టన్నులు. నాలుగు తరాలు భూమిలోకి దిగి తెచ్చింది ఇప్పుడు మనకు ఒక్క ఏడాది పెళ్లిళ్లకూ పండగలకూ సరిపోతుంది.

మరి ఈ ఏటి బంగారం కోసం ఎవరు దిగుతున్నారు? పెద్ద కంపెనీల గనులతో పాటు పెరూలో, ఘనాలో, ఇంకా ఎన్నో దేశాల్లో చేతి పనిముట్లతో తవ్వుకునే పేదలున్నారు. పొడి చేసిన రాతిలో పాదరసం కలుపుతారు. అది బంగారాన్ని పట్టుకుని ముద్దవుతుంది. ఆ ముద్దను మంట మీద పెడితే పాదరసం ఆవిరై పోతుంది, బంగారం మిగులుతుంది. ఆ ఆవిరి పక్కనున్న మనిషి నరాల్లోకి, ఏటి నీళ్లలోకి, చేపల్లోకి చేరుతుంది. మనుషుల పనుల వల్ల ప్రపంచంలో గాలిలో కలిసే పాదరసంలో మూడో వంతుకు పైగా ఈ పని నుంచే వస్తోందని ఐక్యరాజ్యసమితి లెక్క. కొన్నిచోట్ల పిల్లలు కూడా ఈ పనిలో ఉన్నారు. ఇలా తవ్వినవాళ్లు అమ్మిన బంగారం చేతులు మారి, శుద్ధి కర్మాగారంలో వేరే బంగారంతో కరిగిందంటే ఇక దానికి ఊరూ పేరూ ఉండదు. నాన్న చెప్పిన మూస అదే, కాకపోతే చాలా పెద్దది.

మన చేతిలో ఉన్న పరీక్షలేవీ బంగారం ఎక్కడిదో పట్టుకోలేవు. గీటురాయి వన్నె చెబుతుంది. 916 ముద్ర 22 క్యారెట్లని చెబుతుంది. నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగల వ్యాపారి, ముద్ర వేసిన కేంద్రం వివరాలు బయటపడతాయి. నకిలీ నుంచి కొనేవాళ్లను కాపాడడానికి అది మంచి ఏర్పాటు. కానీ అది నగ దగ్గరే ఆగుతుంది, గని దాకా వెళ్లదు.

వెళ్లే దారి లేదా అంటే ఉంది. 2011లో బ్రిటన్‌లో ఫెయిర్‌ట్రేడ్ గుర్తుతో బంగారం అమ్మకానికి వచ్చింది. తనిఖీ జరిగిన చిన్న గనుల నుంచి కొని, వేరే బంగారంతో కలవకుండా నడిపించి, గని పనివాళ్ల సంఘానికి కిలోకు 2,000 డాలర్లు అదనంగా ఇస్తారు. లండన్ బులియన్ మార్కెట్ అసోసియేషన్ కూడా 2012 నుంచి తన జాబితాలోని శుద్ధి కర్మాగారాలు బంగారం ఎక్కడిదో విచారించి తీరాలంటోంది. కలవకుండా ఉంచడం, లెక్క రాయడం. ఈ రెండూ మా నాన్న పావు తులానికి చేసినవే. పావు తులానికి కుదిరింది టన్నులకు కుదరదంటే నేను ఒప్పుకోను. కుదరదన్నది ఖర్చు మాటే తప్ప పనితనం మాట కాదు.

పాత బంగారం వాడితే సరిపోతుందని కొందరంటారు. మన ఇంటి పాత నగ అయితే నిజమే, దాని కోసం కొత్తగా ఎవరూ గోతిలోకి దిగక్కర్లేదు. అయితే "పాతది" అన్న మాట చాటున నిన్న తవ్విన దొంగ బంగారాన్ని కూడా నడిపించేయొచ్చు. అందుకే ఎవరి పాతది అన్నదీ అడగాలి.

ఇప్పుడు పట్టెడ మీద మా తమ్ముడు కూర్చుంటున్నాడు. పోయిన ఏడాది వాడి చేత లెక్కల పుస్తకంలో ఒక కొత్త గడి గీయించాను: ఎక్కడిది? పాత నగలకు ఎదురుగా రాయడం తేలిక, "అమ్మమ్మ కాసులపేరు", "అత్తగారి కంటె". కొత్త బిస్కెట్ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగుతుంది. అమ్మినవాళ్లను అడిగితే బ్యాంకు అన్నారు. బ్యాంకుకు ముందు ఎక్కడిదంటే జవాబు రాలేదు. బ్యాంకు అని రాయనా అన్నాడు వాడు. వద్దన్నాను, ఖాళీగా ఉంచమన్నాను.

మొన్న ఒక పెళ్లివారు కొత్త గొలుసు చేయించాలని వచ్చారు. తమ్ముడు ఆ పుస్తకం తెరిచి ఖాళీ గడులు చూపించాడు. ఆ ఇంటి పెద్దావిడ కాసేపు చూసి, తన చేతి గాజులు రెండు తీసి త్రాసులో పెట్టింది. వాడు పీట ముందుకు జరిపి కుంపటి రాజేశాడు.