దమ్ము చక్రం, దానికి తగ్గ బ్రేకు

నాట్ల ముందు మిర్యాలగూడ వెల్డింగ్ షాపుల్లో తయారయ్యే, ట్రాక్టరుకు బిగించే దమ్ము చక్రాన్ని ఒక్కసారి నిలబడి చూడాలి. రింగులో వంకర ఉండదు. పట్టీలన్నీ ఒకే వాలులో ఉంటాయి. ఆ వాలులోనే పనితనమంతా ఉంది. పట్టీ బురదను నొక్కి ముందుకు తోయాలి, పైకి లేచేటప్పుడు మాత్రం బురదను మోసుకురాకూడదు. పట్టీలు దగ్గరైతే సందులు పూడుకుపోయి చక్రం డ్రమ్ములా జారుతుంది, దూరమైతే బండి ఎగిరెగిరి పడుతుంది. మంచి పనివాడు టేపు కంటే ముందు కంటితోనే కొలుస్తాడు. ఆ చేతులకు దండం పెట్టొచ్చు!

1967లో నాగార్జున సాగర్ ఎడమ కాల్వకు నీళ్లొచ్చాయి, వరి పెరిగింది, ఎడ్ల చోట ట్రాక్టర్లు దిగాయి. టన్నుల బరువున్న బండి మామూలు టైర్లతో నల్లరేగడి మడిలో దిగితే ఇరుసు దాకా కూరుకుపోవడం ఖాయం. అందుకే ఈ ఇనుప చక్రం.

చక్రం పెంచినవాళ్లు బ్రేకును మరిచిపోతారు, నా కోపమంతా అక్కడే. చక్రం ఎంత పెద్దదైతే దాన్ని ఆపడానికి బ్రేకుకు అంత బలం కావాలి. అలాస్కాలో నది మేటల మీద దిగే పైపర్ సూపర్ కబ్ బుల్లి విమానాలకు 31 అంగుళాల టైర్లు వేసేవాళ్లు బ్రేకులు కూడా మారుస్తారు. మనకైతే బురదలో బ్రేకు ఆపడానికి కాదు, తిప్పడానికి. కోదాడ వైపు చేయి తిరిగిన డ్రైవరు పది గుంటల మడి మూలలో ఒక్క పక్క బ్రేకు తొక్కి, గట్టు గీరుకోకుండా బండిని తిప్పేస్తాడు. పొడి బ్రేకుల్లోకి బురదనీళ్లు చేరితే లైనర్లు త్వరగా అరుగుతాయి. నేను ఆయిల్ బ్రేకుల పక్షం, దాచుకోను: డిస్కులు నూనెలో మునిగి ఉంటాయి, బురద వాటి దాకా పోదు. సూర్యాపేటలో ఓ పాత మెకానిక్ బ్రేకులు సరిచేశాక రెండు పెడళ్లూ కలిపి తొక్కించి, రోడ్డు మీద రెండు టైర్ల గీతలూ సమానంగా పడ్డాయో లేదో వంగి చూస్తాడు. అవి కుదిరేదాకా డబ్బులు పుచ్చుకోడు.

ఇప్పుడేమో పల్చటి ఇనుముతో, నాలుగు చుక్కల వెల్డింగుతో చేసిన చక్రాలు కిలోల లెక్కన అమ్ముతున్నారు. పట్టీ ఊడి బురదలో పడితే తర్వాత వచ్చే కూలీ పాదం తెగుతుంది. పొలం నుంచి రోడ్డెక్కాక రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే కొక్కెం వేయనివాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వేగంలో ఒక్క పెడల్ తొక్కితే బండి పల్టీయే. ఇక ఇనుప చక్రాలతోనే తారు రోడ్డెక్కే మహానుభావులు! ఊరి రోడ్డు చీల్చుకుంటూ పోయి, అధికారులు కేసు పెడితే రైతును వేధిస్తున్నారని గోల. ఆ చక్రాలు ట్రాలీలో వేసుకుపోయి గట్టు దగ్గర బిగించుకోవడానికి ఒక జాకీ, ఇంకో మనిషి సాయం చాలు.