మూతపడిన నాటకం, ముగియని నిరీక్షణ: ‘మెరిలీ వి రోల్ అలాంగ్’ పై ఒక విమర్శ

5.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నాటక కృతికీ, దాని ఒకానొక ప్రదర్శనకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• మూతపడిన నాటకం మళ్లీ రావాలని అభిమానులు కోరుకోవడంలో ఉన్న భిన్నమైన ఆశలను గుర్తించగలుగుతారు.
• 1981లో విఫలమై 2023లో విజయం సాధించిన ఒక సంగీత నాటకాన్ని ఆధారంగా తీసుకుని, అభిమానుల తీర్పునూ విమర్శకుల తీర్పునూ బేరీజు వేయగలుగుతారు.

5.1 పరిచయం

నవల అమ్ముడుపోకపోయినా ఏదో ఒక గ్రంథాలయంలో ఒక ప్రతి మిగులుతుంది. సినిమా ఆడకపోయినా దాని ప్రింటు ఎక్కడో ఉంటుంది. నాటకం సంగతి వేరు. ఆఖరి ప్రదర్శన అయిపోగానే రంగాలంకరణ విప్పేస్తారు. దుస్తులు పెట్టెల్లోకి వెళతాయి. నటీనటులు మరో పని చూసుకుంటారు. నిన్న రాత్రి వెయ్యిమంది చూసిన వస్తువు ఈ రోజు ఎక్కడా ఉండదు. అందుకే నాటకాభిమానికి కలిగే దిగులు పాఠకుడికి గానీ సినిమా ప్రేక్షకుడికి గానీ అంతగా కలగదు. ‘మళ్లీ ఎప్పుడైనా వేస్తారా?’ అన్న ప్రశ్న ఆ దిగులులోంచి పుట్టిందే.

ఈ ప్రశ్న ఎక్కువగా వినిపించే చోట్లలో న్యూయార్క్ నగరంలోని బ్రాడ్‌వే ఒకటి. 500 లేదా అంతకు మించి సీట్లున్న 41 వృత్తి నాటకశాలలను కలిపి బ్రాడ్‌వే అంటారు. ఇక్కడ చాలా నాటకాలు ముగింపు తేదీ లేకుండానే మొదలవుతాయి. వారం వారం వచ్చే టికెట్ల రాబడి ఆ వారం ఖర్చుకు సరిపోయినంతకాలం ఆడతాయి. సరిపోకపోతే మూతపడతాయి. అంటే మూసివేత ప్రధానంగా ఒక వ్యాపార నిర్ణయం. దాన్ని కళ మీద వెలువడిన తీర్పుగా భావించవచ్చునా అన్నదే ఈ పాఠంలో మనం చర్చించే సమస్య.

5.2 నిరీక్షణలో మూడు రకాలు

అభిమానుల ఆశలన్నీ ఒకటి కావు. వాటిని మూడు రకాలుగా విభజించుకోవచ్చు.

మొదటిది, పోయిన దాన్ని ఉన్నదున్నట్లుగా తిరిగి పొందాలన్న ఆశ. ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ 1988 జనవరి 26న ప్రారంభమై 2023 ఏప్రిల్ 16న ముగిసింది. మొత్తం 13,981 ప్రదర్శనలు. బ్రాడ్‌వే చరిత్రలో ఇంతకాలం ఆడిన నాటకం మరొకటి లేదు. దీని అభిమానులు కొత్త వ్యాఖ్యానం కోరడం లేదు. అదే షాండ్లియర్, అదే ముసుగు, అదే వాద్యబృందం కావాలని కోరుతున్నారు.

రెండవది, మధ్యలో తెగిపోయిన దాన్ని కొనసాగించాలన్న ఆశ. ‘బీటిల్‌జ్యూస్’ 2019లో వింటర్ గార్డెన్ థియేటర్‌లో ప్రారంభమైంది. మరో నాటకానికి ఆ థియేటర్‌ను అప్పగించవలసి రావడంతో 2020 జూన్‌లో ముగియవలసి ఉంది. మార్చిలోనే కోవిడ్ వల్ల బ్రాడ్‌వే అంతా మూతపడింది. అభిమానుల ఆదరణ తగ్గకపోవడంతో అదే ప్రయోగం 2022 ఏప్రిల్‌లో మార్కీ థియేటర్‌లో మళ్లీ మొదలైంది.

మూడవది, తిరస్కారానికి గురైన దానికి మరో విచారణ జరగాలన్న ఆశ. మొదటి రెండింటిలో నాటకం బాగుందా లేదా అన్న వాదం ముఖ్యం కాదు. మూడవదానిలో అదే ముఖ్యం. ఇక్కడ అభిమాని ‘మీరు పొరబడ్డారు’ అని విమర్శకుడితో వాదానికి దిగుతున్నాడు. సాహిత్య విమర్శ విద్యార్థులకు ఎక్కువగా పనికివచ్చేది ఈ రకమే. దీనికి ‘మెరిలీ వి రోల్ అలాంగ్’ మంచి ఉదాహరణ.

5.3 నాటకం: కథ, నిర్మాణం

జార్జ్ ఎస్. కాఫ్‌మన్, మాస్ హార్ట్ 1934లో రాసిన నాటకం దీనికి మూలం. సంభాషణలు జార్జ్ ఫర్త్, పాటలు, సంగీతం స్టీఫెన్ సాండ్‌హైమ్ సమకూర్చారు. దర్శకుడు హెరాల్డ్ ప్రిన్స్. సాండ్‌హైమ్, ప్రిన్స్ అప్పటికే ‘కంపెనీ’ (1970) నుంచి ‘స్వీనీ టాడ్’ (1979) వరకు వరసగా గొప్ప నాటకాలు ఇచ్చిన జంట.

కథలో ముగ్గురు స్నేహితులు. ఫ్రాంక్ సంగీతకర్త, చార్లీ రచయిత, మేరీ నవలాకారిణి. సంగీతాన్ని వదిలి సినిమా నిర్మాతగా డబ్బు గడించిన ఫ్రాంక్ ఇంట్లో విందుతో నాటకం మొదలవుతుంది. చార్లీతో స్నేహం అప్పటికే చెడింది. మేరీ తాగుడుకు బానిసైంది. అక్కడి నుంచి కథ వెనక్కి నడుస్తుంది. ప్రతి దృశ్యం దాని ముందరి దృశ్యం కంటే కొన్నేళ్లు వెనకటిది. చివరికి 1957లో ఒక మేడ మీద, ఆకాశంలో స్పుత్నిక్‌ను వెతుకుతూ, ప్రపంచమంతా తమదే అనుకుంటున్న ముగ్గురు యువకుల దగ్గర ఆగుతుంది.

ఈ నిర్మాణం సంగీతంలోకి కూడా వెళ్లిందన్న విషయం గమనించండి. మామూలుగా ఒక పాట ముందు పూర్తిగా వినిపించి, తరువాత దాని తునకలు గుర్తుచేస్తారు. ఇక్కడ తునకలే ముందు వస్తాయి. విడాకుల చేదులో మొదట విన్న పాటనే తరువాత పెళ్లి సందర్భంలో వింటాం. పాడుతున్న జంటకు అది ప్రమాణం. వింటున్న మనకు అది ఎలా ముగుస్తుందో తెలుసు. పాట మారలేదు, మనకు తెలిసినది దాని అర్థాన్ని మార్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
కథ వెనక్కి నడవడం వల్ల పాటల అర్థంలో కలిగే మార్పును మూడు వాక్యాల్లో రాయండి.

5.4 ఎందుకు మూతపడింది?

1981 నవంబరు 16న ఆల్విన్ థియేటర్‌లో నాటకం ప్రారంభమైంది. నవంబరు 28న మూతపడింది. మొత్తం 16 ప్రదర్శనలు. అంతకు ముందు నెలకు పైగా జరిగిన ప్రివ్యూలలోనే ప్రేక్షకులు మధ్యలో లేచి వెళ్లిపోసాగారు. ఆ దశలోనే ప్రధాన నటుణ్ణీ నృత్య దర్శకుణ్ణీ మార్చారు. ప్రారంభం తరువాత వచ్చిన సమీక్షలు చాలావరకు ప్రతికూలం.

ప్రిన్స్ ఇరవై ఏళ్లకు అటూఇటూ ఉన్న యువ నటులనే తీసుకున్నాడు. కథ యవ్వనంలో ముగుస్తుంది గనుక ఈ ఎంపికకు తర్కం ఉంది. అయితే నాటకం మొదలయ్యేది నడివయసులో. గెలుపుతో విసిగిన నలభై ఏళ్ల మనిషిగా కుర్రవాడు కనిపిస్తే ప్రేక్షకుడికి నమ్మకం కుదరలేదు. ఎవరు ఎవరో అర్థం కావడం లేదని, అనుకున్న దుస్తులు తీసేసి, పాత్ర ఎవరో తెలిపే మాటలు అచ్చువేసిన చొక్కాలు తొడిగారు. ఒక పాత్రను చొక్కా మీద రాసి పరిచయం చేయవలసి వచ్చిందంటే ప్రయోగంలో లోపం ఉన్నట్లే.

కాబట్టి ఆనాటి సమీక్షకులు కళ్లు మూసుకుని రాశారనడం న్యాయం కాదు. వారు చూసిన సాయంత్రం నిజంగానే తడబడింది. వారి తీర్పు ఆ సాయంత్రానికి వర్తిస్తుంది. కృతి మొత్తానికి వర్తిస్తుందా అన్నదే మిగిలిన ప్రశ్న.

5.5 ఆశను నిలిపినవి

అభిమానం గాలిలో నిలవదు, దానికి ఆధారం కావాలి. ఈ నాటకానికి దొరికిన మొదటి ఆధారం పాటల రికార్డు. నాటకం మూతపడిన మర్నాడే నటీనటులు స్టూడియోలో చేరి పాటలు రికార్డు చేశారు. పని పోయిన మరుసటి రోజు ఆ యువకులు పాడిన పాటలే తరువాతి తరానికి చేరాయి. థియేటర్లో కూర్చున్నవారు కొన్ని వేలమంది. రికార్డు విన్నవారు దేశదేశాల్లో ఉన్నారు. వారిలో అత్యధికులు ఆ నాటకాన్ని ఎన్నడూ చూడలేదు. వారు ప్రేమించినది సంగీతాన్ని. చొక్కాల గందరగోళం రికార్డులో వినిపించదు కదా! అందుకే వారి అభిమానం నిజమైనదే అయినా, వారి సాక్ష్యం సగం నాటకానికి సంబంధించినది మాత్రమే.

రెండవ ఆధారం, ప్రదర్శన హక్కుల వ్యవస్థ. బ్రాడ్‌వేలో మూతపడిన సంగీత నాటకాన్ని హక్కుల సంస్థకు రుసుము చెల్లించి కళాశాలలు, చిన్న నాటక సంస్థలు వేసుకోవచ్చు. అంటే మూతపడేది ఒక ప్రయోగమే, కృతి కాదు.

మూడవది, రచయితల పట్టుదల. 1985లో కాలిఫోర్నియాలోని లా హోయా ప్లేహౌస్‌లో జేమ్స్ లపైన్ దర్శకత్వంలో జరిగిన ప్రదర్శన కోసం నాటకాన్ని తిరగరాశారు. పాత ప్రతిలో కథకు చట్రంగా ఉన్న పాఠశాల పట్టాల ఉత్సవాన్ని తీసేశారు. పాటల్లో మార్పులు చేశారు. ఈ సవరించిన నాటకమే 2000లో లండన్ డాన్మార్ వేర్‌హౌస్‌లో ఆడి, ఉత్తమ సంగీత నాటకంగా ఒలివియె పురస్కారం పొందింది.

5.6 తిరిగి వచ్చినది ఏమిటి?

1992లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మేరీ పాత్ర ధరించిన మరియా ఫ్రీడ్‌మన్, 2012లో లండన్‌లోని మెనియర్ చాక్లెట్ ఫ్యాక్టరీ అనే చిన్న నాటకశాలలో దీనికి దర్శకత్వం వహించారు. ఆ ప్రయోగానికి మూలమైన దృష్టితోనే 2022 చివరలో న్యూయార్క్ థియేటర్ వర్క్‌షాప్‌లోనూ, 2023 అక్టోబరు 10న బ్రాడ్‌వే హడ్సన్ థియేటర్‌లోనూ నాటకం వచ్చింది. జొనాథన్ గ్రాఫ్, డేనియల్ రాడ్‌క్లిఫ్, లిండ్సే మెండెజ్ ముగ్గురు స్నేహితులు. 2024లో ఉత్తమ పునఃప్రదర్శనతో సహా నాలుగు టోనీ పురస్కారాలు వచ్చాయి. మూతపడిన 42 ఏళ్లకు బ్రాడ్‌వేలో జరిగిన ఈ పునర్విచారణను సాండ్‌హైమ్ చూడలేదు. ఆయన 2021 నవంబరు 26న మరణించాడు.

ఫ్రీడ్‌మన్ చేసిన ముఖ్యమైన పనులు రెండు. ఒకటి, మొత్తం కథను ఫ్రాంక్ తన గతాన్ని తలచుకుంటున్నట్లుగా మలచడం. దానితో వెనక్కి నడక ఒక చమత్కారంగా కాక ఒక మనిషి పశ్చాత్తాపంగా అర్థమవుతుంది. రెండు, ముప్పై దాటిన నటులను ఎంచుకోవడం. మొదటి దృశ్యంలోని అలసట ఇప్పుడు వారి ముఖాలకు సరిపోయింది.

5.7 విమర్శ: లాభమెంత, నష్టమెంత?

‘అభిమానులు గెలిచారు’ అని ముగించడం తేలిక. అది పూర్తి సత్యం కాదు. తిరిగి వచ్చినది 1981 నాటకం కాదు. సంభాషణలు మారాయి, చట్రం మారింది, నటుల వయసు మారింది. ఆనాడు పదహారు ప్రదర్శనల్లో ఒకటి చూసి మనసు పారేసుకున్న ప్రేక్షకుడు కోరుకున్నది మాత్రం తిరిగి రాలేదు.

చివరి దృశ్యాన్నే తీసుకోండి. 1981లో మేడ మీద నిలబడి భవిష్యత్తు గురించి పాడినవారు నిజంగానే భవిష్యత్తు తెలియని యువకులు. వారి ముఖాల్లోని అమాయకత్వం నటన కాదు. 2023లో అదే చోట నిలబడినవారు జీవితం చూసిన నటులు. వారు యవ్వనాన్ని నటిస్తారు. ఆ నటన మన మనసును కలచివేస్తుంది, ఎందుకంటే కాలం ఏం చేస్తుందో వారి ముఖాల్లోనే కనిపిస్తుంది. ప్రిన్స్ ప్రయోగంలో ఆరంభం బలహీనం, ముగింపు నిజం. ఫ్రీడ్‌మన్ ప్రయోగంలో ఆరంభం నిజం, ముగింపు జ్ఞాపకం. రెండూ ఒకే ప్రయోగంలో దొరకవు. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి.

ఇక్కడ మరో విశేషం ఉంది. 1981 నటుల్లో ఒకడైన లానీ ప్రైస్ 2016లో తమ అనుభవం మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. అందులో నడివయసుకు వచ్చిన ఆ నటులు తమ యవ్వనాన్ని వెనక్కి తిరిగి చూసుకుంటారు. నాటకం నటించమన్న దాన్ని వారి జీవితమే చేసి చూపింది. ప్రిన్స్ ఎంపికలోని తర్కం అప్పటికి గానీ మనకు పూర్తిగా అర్థం కాదు.

మరి అభిమానుల నిరీక్షణ విలువ ఏమిటి? ఈ నాటకమే దానికి జవాబు చెబుతుంది. వెనక్కి వెళ్లి అక్కడే ఉండిపోవడం ఎవరికీ సాధ్యం కాదు. ప్రేక్షకుడు 1957కు చేరేసరికి మిగతా ఇరవై ఏళ్ల భారం అతని వెంటే ఉంటుంది. పోయిన సాయంత్రాన్నే తిరిగి ఇమ్మని అడిగే ఆశకు నిరాశ తప్పదు. ఇందులో ఇంకా చూడవలసింది ఉంది, మరొకరు మరోలా వేసి చూడండి అని అడిగే ఆశ మాత్రం విమర్శే. 1981 సమీక్షకులు ప్రయోగంలోని లోపాలను సరిగా పట్టుకున్నారు. అభిమానులు కృతిలోని సత్తాను సరిగా పట్టుకున్నారు. రచయితలు ఇద్దరి మాటా విన్నారు. తిరగరాసిన నాటకం నిలబడటానికి కారణం అదే.

5.8 సారాంశం

నాటకం మూతపడటం ప్రధానంగా వ్యాపార నిర్ణయం. అది ఒక ప్రయోగాన్ని ముగిస్తుంది గానీ కృతిని ముగించదు. మళ్లీ రావాలన్న ఆశ మూడు రకాలు: పునఃప్రాప్తి, కొనసాగింపు, పునర్విచారణ. ‘మెరిలీ వి రోల్ అలాంగ్’ మూడవ రకానికి ఉదాహరణ. రికార్డు, ప్రదర్శన హక్కులు, రచయితల సవరణలు దాన్ని బతికించాయి. తిరిగి వచ్చినప్పుడు అది కొంత పొందింది, కొంత పోగొట్టుకుంది. ఆ రెండింటినీ లెక్కగట్టడమే విమర్శకుడి పని.

5.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధాన సూచన

1. పాట ముందు దుఃఖ సందర్భంలోనూ తరువాత సంతోష సందర్భంలోనూ వస్తుంది. పర్యవసానం పాత్రలకు తెలియదు, ప్రేక్షకుడికి తెలుసు. అందువల్ల సంతోషపు మాటల్లోనే విషాదం ధ్వనిస్తుంది.

5.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 1981, 2023 ప్రయోగాల్లో నటుల వయసు ఎంపిక నాటకార్థాన్ని ఎలా మార్చిందో చర్చించండి.
2. ‘మూసివేత కళ మీద తీర్పు కాదు.’ ఈ అభిప్రాయాన్ని సమర్థిస్తూ గానీ ఖండిస్తూ గానీ రాయండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. పాటల రికార్డు మాత్రమే విన్న అభిమాని తీర్పుకు ఉన్న పరిమితి ఏమిటి?
2. మీరు ఒకప్పుడు చూసి, ఇప్పుడు ఎవరూ వేయని నాటకం ఒకటి గుర్తుచేసుకోండి. అది మళ్లీ వస్తే ఏది మారకూడదని కోరుకుంటారు? ఏది మారితే బాగుంటుందంటారు? కారణాలతో రాయండి.