చెక్కపళ్ళ కథ

అమెరికా ప్రథమాధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ చెక్కతో చేసిన కట్టుడు పళ్ళు పెట్టుకొనేవాడన్న కథ మనలో చాలమంది వినే వుంటారు. తరగతిలో చెబితే పిల్లలు నవ్వుతారు. పాఠం సరదాగా సాగుతుంది. అయితే సరదా వేరు, సాక్ష్యం వేరు గదా!

1789లో పదవీ ప్రమాణం చేసేనాటికి ఆయన నోట సొంత పన్ను ఒక్కటే మిగిలింది. అప్పుడు దంతవైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్ నీటిగుర్రపు దంతంతో కట్టు చెక్కి, ఆ ఒక్క పంటికోసం అందులో రంధ్రం వుంచాడు. మౌంట్ వెర్నన్ ప్రదర్శనశాలలోని మరొక కట్టుకు సీసమే పీఠం. దానిలో మనుషుల పళ్ళు, పశువుల పళ్ళు అమర్చి వున్నవి. వీటిలో చెక్క లేదు. ఒక కట్టు బాగా నల్లబడిందనీ, పోర్టు అనే ద్రాక్షసారాయంలో నానబెట్టటమో, దానిని త్రాగటమో కారణమనీ గ్రీన్‌వుడ్ 1798లో ఆయనకు జాబు వ్రాశాడు. అట్లా రంగు మారిన దంతమే చూచేవారికి చెక్కగా తోచి వుండవచ్చు.

ఈ కథను ఖండించేవారు కూడ ఒక్కొక్కప్పుడు తొందరపడతారు. చెక్క నోటిలో నానిపోతుంది కనుక చెక్కపళ్ళు అసంభవమని వాదిస్తారు. అదీ తప్పే. జపానులో 1538లో మరణించిన ఒక బౌద్ధ సన్యాసిని వాడిన చెక్క కట్టు నేటికీ వున్నది. గట్టి కలపను అంగిలికి సరిగా అతికేటట్లు చెక్కితే, మధ్యనున్న పలుచని లాలాజలపు పొరవల్ల అది పట్టుకొని నిలుస్తుంది. వాషింగ్టన్ కట్టులోని స్ప్రింగులైతే నోరు మూసినంతసేపూ దవడలను విడదోస్తూనే వుండేవి! ఆయన పళ్ళలో చెక్క లేదని తేల్చింది వాదం కాదు, వస్తుపరీక్ష.

అంతకంటె పెద్ద లోపం మరొకటి వున్నది. 1784 నాటి ఆయన పద్దులలో, నల్లజాతివారి 9 పళ్ళకు 6 పౌనుల 2 షిల్లింగులు చెల్లించినట్లు కానవస్తుంది. ఆయన ఎస్టేటులో నల్లజాతివారు బానిసలు. కాదనే స్వేచ్ఛ లేని మనిషి పన్ను అమ్మితే అది అమ్మకమనిపించుకుంటుందా? ఆ పళ్ళు ఏ కట్టులో చేరినవో పద్దు చెప్పదు. కొన్నమాట మాత్రం చెబుతుంది. నవ్వించే చెక్క కథ ఈ నొప్పిని కప్పిపుచ్చుతున్నది.

కాబట్టి ఉపాధ్యాయులు ఈ కథను విడువనక్కరలేదు. చెప్పి, ఆ పళ్ళు దేనితో చేశారు, ఎవరివి, మనకెట్లా తెలిసింది అని విద్యార్థులచేత అడిగించాలి. అప్పుడది వట్టి వినోదం కాక విజ్ఞానపాఠం అవుతుంది.