మంత్రానికీ కట్టుబాటుండాలి

మంత్రాలూ మాయలూ ఉన్న కథ రాయడం సులువనుకుంటారు చాలామంది. చిక్కొచ్చిన చోట ఓ మంత్రం వేస్తే సరిపోతుందిగా అని! నిజానికి కథ చచ్చేది అక్కడే.

బేతాళ కథల్నే తీసుకోండి. శవంలోంచి బేతాళుడు మాట్లాడడం వింతే. కానీ మనల్ని కదలకుండా కూర్చోబెట్టేది ఆ వింత కాదు, దాని వెనకున్న షరతు. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. చెబితే మౌనభంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. అంత మహారాజుకీ తప్పించుకునే దారి లేదు!

1957లో వచ్చిన 'మాయాబజార్' చూడండి. ఘటోత్కచుడు తలుచుకుంటే కౌరవుల విడిదిని నేలమట్టం చెయ్యగలడు. అలా చేస్తే ఇక కథేముంది? చివరికి శకుని చేత కుట్రంతా కక్కించింది సత్యపీఠం. ఎక్కినవాడి చేత నిజం పలికించడం తప్ప దానికి మరో విద్య రాదు. ఆ ఒక్కటే చాలింది.

కథ వింటూ పిల్లలు, "మరి ఆ మంత్రం మొదట్లోనే ఎందుకు వెయ్యలేదమ్మా?" అని అడుగుతారు చూడండీ, వాళ్ళను మించిన విమర్శకులు లేరు. ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకున్నాకే రచయిత్రి కలం పట్టాలి.