పంజరంలో వానాకాలం

జీబ్రా ఫించ్‌లు తెచ్చుకున్న కొత్తలో చాలామంది చేసే పొరపాటే నేనూ చేశాను. మూడడుగుల పంజరంలో రెండు జోడీలు వేశాను. ముచ్చటగా ఉందని ఇంకో మగపిట్టను తెచ్చి అందులోనే వదిలాను. మూడు మట్టి ముంతలు కట్టాను. మెట్లుమెట్లుగా ఉంటే అందమని ఒకటి పైన, ఒకటి మధ్యన, ఒకటి కింద. వారం తిరగకుండా పంజరంలో రోజూ పంచాయితీయే. పై ముంత కోసం అన్నీ ఎగబడేవి. ఒంటరి మగది ఏ జోడీనీ కుదురుగా పొదగనిచ్చేది కాదు. ఆ విడత పెట్టిన గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదు.

తగువు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ముందు ఈ పిట్ట పుట్టిల్లు తెలియాలి. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న మెట్ట గడ్డినేలలు దీని సొంతూరు. నాలుగంగుళాల ఒళ్లు, సుమారు 12 గ్రాముల బరువు. గుంపుగా తిరుగుతుంది, పొదల్లో ఒకదానికొకటి దగ్గరగా గూళ్లు కడుతుంది. పిల్లల్ని కనడానికి దీనికి ఫలానా నెల అని గట్టి నియమం లేదు. వాన పడి గడ్డి గింజపట్టిందా, అదే ముహూర్తం. కరువొస్తే ఆగిపోతుంది.

మన పంజరంలో గింజల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంటుంది, నీళ్లకు కొదవ ఉండదు. పిట్ట లెక్కలో అక్కడ 365 రోజులూ వానాకాలమే. అందరినీ ఒకే పంజరంలో ఉంచి పిల్లలు తీయించే కాలనీ పెంపకంలో కిటుకులన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి. వాన తెప్పించడం తేలికే. దాన్ని పంచడం, వేళకు ఆపడం అసలు విద్య.

జోడీల లెక్క

మగదానికి బుగ్గల మీద నారింజ రంగు మచ్చ, రొమ్ము మీద నల్లచారలు, పక్కల్లో తెల్లచుక్కలు పడ్డ ఇటుకరంగు. ఆడది బూడిదరంగు. ముక్కు మగదానికి ఎర్రగా, ఆడదానికి నారింజగా ఉంటుంది. కనక లెక్క తప్పడానికి సాకు లేదు: ఎన్ని మగవో అన్నే ఆడవి. రెండు జోడీలుంటే ఒకటి రెండోదాన్ని తరుముతూనే ఉంటుంది. మూడు, నాలుగు జోడీలైతే ఆ కోపం నలుగురి మీదా చెదిరి చల్లారుతుంది. నాలుగు జోడీలకు కనీసం నాలుగడుగుల పొడవున్న పంజరం కావాలి. ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, ఫించ్ అడ్డంగా ఎగిరే పిట్ట. పిట్టలన్నిటినీ ఒకే రోజు వదలాలి. అందరూ కుదురుకున్నాక మధ్యలో వచ్చిన పిట్టకు అక్కడ చోటు దొరకదు.

వయసు కూడా చూడాలి. మూడు నెలలకే గుడ్లు పెట్టగలవు గానీ, ఆరు నెలలైనా నిండనివ్వాలి. లేత ఆడపిట్టకు గుడ్డు అడ్డం పడితే గంటల్లో ప్రాణం పోతుంది. ఒంట్లో సున్నం (కాల్షియం) చాలకపోవడం దీనికి పెద్ద కారణం. అందుకే సముద్రపు నురుగు ముక్కో, వేయించి నలిపిన కోడిగుడ్డు పెంకో పంజరంలో ఎప్పుడూ ఉండాలి.

ముంతల న్యాయం

నాలుగు జోడీలకు ఎనిమిది ముంతలు. అన్నీ ఒకేలాంటివి, ఒకే ఎత్తులో, పైకప్పుకు దగ్గరగా, ఒకేసారి కట్టాలి. పిట్టకు ఎత్తైన చోటంటే క్షేమమైన చోటు. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే పోట్లాడుకోవడానికి పై ముంతంటూ ఉండదు. నా పంజరంలో గొడవ పిట్టలది కాదు, నేను కట్టిన మెట్లది.

గూటికి కొబ్బరిపీచు, ఎండుగడ్డి మేలు. పోగులు వేలెడు పొడవు మించకూడదు, దారాలైతే కాళ్లకు చుట్టుకుంటాయి. గుడ్లు పెట్టడం మొదలుకాగానే మిగిలిన పీచు తీసెయ్యాలి. లేకపోతే మగది అలవాటుకొద్దీ తెచ్చి పేరుస్తూనే ఉంటుంది. గుడ్లు అడుగున పూడిపోతాయి, ఆడది వాటిమీద కొత్త పరుపు వేసి మళ్లీ పెడుతుంది.

రోజుకొకటి చొప్పున నాలుగు నుంచి ఆరు గుడ్లు. పగలు ఆలుమగలు వంతులవారీగా పొదుగుతాయి. 12 నుంచి 14 రోజులకు పిల్లలు, మరో మూడు వారాలకు అవి గూడు దాటి వస్తాయి. తిండి కొర్రలు, సామలు. మన మెట్ట చేలల్లో పండే కొర్రకంకిని కోసినది కోసినట్టే వేలాడదీస్తే వాటికి పండగ. పిల్లలున్నన్నాళ్లూ ఉడికించిన గుడ్డు చిదిపి పెట్టాలి, మిగిలింది సాయంత్రానికి తీసెయ్యాలి.

నల్లముక్కు పిల్లలు సొంతంగా గింజ ఒలుచుకోవడం మొదలుపెట్టాక, అయిదారు వారాలకు, వేరే పంజరంలోకి మార్చాలి. ఆలస్యమైతే తల్లిదండ్రుల రెండో విడతకు అడ్డం పడతాయి. ఇంకా ఆలస్యమైతే తోబుట్టువులే జోడీ కడతాయి.

కలిపి పెంచితే ఏం ఒరుగుతుంది?

జోడీకో చిన్న పెట్టె కొంటే ఇంత తంటా ఉండదు. రంగుల కోసం పెంచేవాళ్లు అలాగే చేస్తారు, వాళ్లకు అదే సరి. ఎందుకంటే కాలనీలో ఏ పిల్లకు ఎవరు తండ్రో ఒట్టేసి చెప్పలేం. జోడీ కట్టి కాపురం చేస్తూనే పక్క గూటివైపు చూసే పిట్టలివి.

కానీ పెట్టెలో లేనిది కాలనీలో ఒకటుంది: తన జోడీని తనే ఎంచుకునే వీలు. జర్మనీలో మాక్స్ ప్లాంక్ పక్షిశాస్త్ర సంస్థ పరిశోధకులు కొన్ని జీబ్రా ఫించ్‌లను ఇష్టపడ్డ జోడీతో, కొన్నిటిని అంటగట్టిన జోడీతో కాపురం పెట్టించారు. 2015లో వెలువడిన ఫలితం ప్రకారం, ఇష్టపడి కలిసినవాటికి బతికి బట్టకట్టిన పిల్లలు 37 శాతం ఎక్కువ. మనం కుదిర్చిన సంబంధాల కన్నా అవి కుదుర్చుకున్నవే నిలిచాయి.

పాట సంగతీ అంతే. మగపిల్లలు పెద్దవాళ్ల పాట విని నేర్చుకుంటాయి, కనక ఎవరి దగ్గర పెరుగుతాయన్నది ముఖ్యం. జపాన్ పంజరాల్లో దాదాపు రెండున్నర శతాబ్దాలుగా పెరిగిన బెంగాలీ ఫించ్ చాలా సాధువు, వదిలేసిన గుడ్లను సొంతవాటిలా పొదుగుతుంది. జీబ్రాలు వేధిస్తాయి కనక దాన్ని వేరే పంజరంలో ఉంచాలి. అయితే దాని దగ్గర పెరిగిన జీబ్రా పిల్ల పెంపుడు తండ్రి పాటే నేర్చుకుంటుంది. అందుకే దాదిని ఆపద్ధర్మానికే వాడుకోవాలి.

ఆ బెంగాలీ ఫించ్‌కు మూలమైన తెల్లనడుము జినువాయి మన దేశపు అడవుల్లోనూ ఉంది. దాన్నిగానీ, మన చేలమీద వాలే మరే జినువాయినిగానీ పట్టడం, అమ్మడం, పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పంజరం పంజరంలో పుట్టినవాటికే.

కరువు

రెండు విడతలు, మహా అయితే మూడు. ఆ తర్వాత వాన ఆపాలి. ఆపకపోతే తల్లి ఒంట్లో సున్నం కరిగిపోయేదాకా పెడుతూనే ఉంటుంది. మన దగ్గర ఎండాకాలం ఇందుకు తగిన వేళ. ఆఖరి పిల్ల విడిపోయాక ముంతలన్నీ దించెయ్యాలి, గుడ్డు ముద్ద మానెయ్యాలి, గింజలూ నీళ్లూ మాత్రం మామూలే. రెండు మూడు నెలలు అంతే.

ముంతలు దించిన రోజు చూడ్డం కష్టంగానే ఉంటుంది. పిట్టలు ఖాళీ కొక్కేల చుట్టూ తిరుగుతాయి, రాలిన పీచుపోగు ముక్కున పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక వెతుకుతాయి. కడిగిన ఎనిమిది ముంతలూ మేడ మీద ఎండుతుంటాయి. నాలుగో రోజుకో అయిదో రోజుకో ఆ వెతుకులాట ఆగుతుంది. ఎనిమిది పిట్టలూ ఒకే కర్రమీద వరసగా కూర్చుని, పక్కదాని మెడ ఈకలు దువ్వుతూ కునుకు తీస్తాయి.