ఒక ఇంటిపేరు, రెండు పుట్టుకలు: హక్కా వంశకథలను చదివే పద్ధతి

దక్షిణ చైనాలో గ్వాంగ్‌డొంగ్, ఫుజియాన్, జియాంగ్‌షీ రాష్ట్రాలు కలిసే కొండసీమ హక్కా జనుల ప్రధాన నివాసం. హక్కా అన్న మాటకు ‘అతిథి కుటుంబాలు’ అని అర్థం. పొరుగున ఉన్న కాంటనీసు భాషీయులు తమను స్థానికులుగాను, వీరిని పైనుండి వచ్చినవారిగాను లెక్కించారు. ఎక్కడి నుండి వచ్చారన్న ప్రశ్నకు హక్కాల సమాధానం వారి వంశచరిత్రలలో ఉన్నది. ప్రతి ఇంటిపేరుకు ఒక మూలపురుషుడు, ఉత్తరాన ఒక మూలస్థానం, ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పే ఒక కథ ఉంటాయి. ఈ కథలను వలసకు ఆధారాలుగా చదివే పద్ధతి నిలవదనీ, వాటిని కథలుగా చదివినప్పుడే వాటి చారిత్రక విలువ తెలుస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

మొదటి పద్ధతికి పునాది వేసినవాడు లువో షియాంగ్‌లిన్. 1933లో వెలువడిన తన హక్కా పరిశోధన గ్రంథంలో ఆయన వంశచరిత్రలను ప్రధానాధారంగా తీసుకొని, 4వ శతాబ్ది నుండి 19వ శతాబ్ది వరకు ఐదు వలసలను నిర్ణయించాడు. ఆ నిర్ణయం వెనుక ఒక గాయం ఉన్నది. 1855–1867 నడుమ గ్వాంగ్‌డొంగ్‌లో స్థానికులకు, హక్కాలకు సుదీర్ఘమైన సంఘర్షణ జరిగింది. కొన్ని స్థానిక గ్రంథాలలో ‘అతిథి’ అన్న అక్షరానికి కుక్కను సూచించే భాగం చేర్చి హక్కాల పేరు వ్రాశారు. వారు హాన్ జాతీయులే కారన్న మాట 1920ల నాటికి అచ్చుపుస్తకాలలోకి కూడ ఎక్కింది. లువో స్వయంగా హక్కా. కనుక ఆయన గ్రంథం పరిశోధన మాత్రమే కాదు, ప్రతివాదం కూడ. ప్రతివాదికి వంశచరిత్ర సాక్షిగా కనబడడం సహజం. అయితే ఆ సాక్షి ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు అన్నది వేరే ప్రశ్న.

లిన్ ఇంటిపేరు కథను చూద్దాం. షాంగ్ వంశపు చివరి రాజుకు బుద్ధి చెప్పబోయిన బి గాన్ గుండెను ఆ రాజు చీల్చి తీయించాడు. గర్భవతియైన బి గాన్ భార్య అడవికి పారిపోయి రాతిగుహలో కొడుకును కన్నది. తరువాత వచ్చిన జౌ వంశపు వూ రాజు ఆ బిడ్డకు ‘అడవి’ అని అర్థమిచ్చే లిన్ అన్న ఇంటిపేరు ప్రసాదించాడు. ఆ అక్షరం రెండు చెట్ల రూపం. మన లోకవ్యుత్పత్తులు సాధారణంగా ధ్వనిని పట్టుకొని కథ అల్లుతాయి. ఇక్కడ లిపిరూపమే కథకు బీజం. జాంగ్ ఇంటిపేరు అక్షరంలో విల్లు ఉన్నది కనుక మూలపురుషుడు విల్లును కనిపెట్టిన హుయి అయినాడు. కథ ఎంత అందమైనదైనా, దీనిని హక్కాల చరిత్రగా ఎట్లా వాడుకోగలం? ఫుజియాన్ తీరంలోని హక్కాలు కాని లిన్‌లు కూడ ఇదే కథ చెప్పుకొంటారు. హక్కా వంశచరిత్రలను పొరుగు సమూహాల వంశచరిత్రలతో పోల్చి, మూలాల విషయంలో ఆ రెండింటికీ భేదం కానరాదని చెన్ జిపింగ్ 1997లో చూపాడు. ఆ నిరూపణకు నాకు తెలిసినంతలో సరియైన సమాధానం రాలేదు.

హక్కాలకే విశేషంగా చెందిన కథ ఒకటున్నది. 9వ శతాబ్ది చివర హువాంగ్ చావ్ తిరుగుబాటు కాలంలో ఒక స్త్రీ పెద్దపిల్లవాణ్ణి వీపున మోస్తూ, చిన్నవాణ్ణి చేత పట్టుకొని నడిపిస్తూ పారిపోతున్నది. కారణమడిగితే, పెద్దవాడు చనిపోయిన బావగారి ఏకైక వారసుడనీ, చిన్నవాడు తన కొడుకనీ చెప్పినది. అడిగినవాడు హువాంగ్ చావే. అతడు కరిగిపోయి, ఇంటి వాకిట అడవితీగను వేలాడదీస్తే తన సైనికులు ముట్టరన్నాడు. ఆమె ఆ తీగను తన వాకిట కాక లోయ ముఖద్వారాన కట్టి అందరినీ కాపాడింది. నింగ్‌హువా మండలంలోని షిబి గ్రామప్రాంతానికి ఈ కథను ముడిపెడతారు. ఎన్నో వంశాలు తమ పూర్వులు ఆ ఊరి మీదుగానే వచ్చారంటాయి. ఇన్ని ఇంటిపేర్లను నిలిపిన ఆ స్త్రీకి కథలో ఇంటిపేరు లేదు. ఆమె ఔన్నత్యమంతా మరొక పురుషుని వంశాన్ని నిలపడంలోనే ఉన్నది. వంశచరిత్ర తన విలువలను ఇంత సూటిగా వెల్లడించుకొన్న సందర్భం మరొకటి అరుదు.

ఇక అసలు విషయానికి వస్తే, జొంగ్ అన్న ఇంటిపేరు ఈ చర్చకంతటికీ గీటురాయి. హక్కా జొంగ్‌ల కథ ప్రకారం, క్రీ.పూ. 3వ శతాబ్ది చివర షియాంగ్ యు సేనానిగా ఉన్న జొంగ్‌లి మెయ్ మరణించగా, అతని కొడుకు నేటి హెనాన్‌లోని యింగ్‌చువాన్‌లో స్థిరపడి, ఇంటిపేరులోని రెండవ అక్షరాన్ని విడిచి జొంగ్ అయినాడు. అందుకే వారి ఇంటి గుమ్మంపైన ‘యింగ్‌చువాన్’ అని ఉంటుంది. అవే కొండలలో హక్కాల పొరుగున షె జనులున్నారు. వారిలోనూ జొంగ్‌లున్నారు. వారి కథ వేరు. గావ్‌షిన్ చక్రవర్తికి శత్రువు తలను తెచ్చిపెట్టిన పాన్‌హు అన్న శునకవీరుడు రాకుమారిని వివాహమాడాడు. పళ్లెంలో ఉంచిన పెద్దకొడుకుకు పాన్ అనీ, బుట్టలో ఉంచిన రెండవవానికి లాన్ అనీ, ఉరుము వినబడినప్పుడు మూడవవానికి లెయ్ అనీ చక్రవర్తి ఇంటిపేర్లిచ్చాడు. నాలుగవ ఇంటిపేరైన జొంగ్ కూతురి భర్తది.

ఒకే అక్షరం, ఒకే కొండలు, రెండు పుట్టుకలు. 5వ శతాబ్దిలో ఫాన్ యె రచించిన ‘హౌ హాన్ షు’లో పాన్‌హుకు ఆరుగురు కొడుకులు, ఆరుగురు కూతుళ్లు; ఈ ఇంటిపేర్ల ప్రసక్తి అక్కడ లేదు. అవి తరువాతి షె చిత్రపటాలలో, పాటలలో చేరినవి. అనగా షె జనులు కూడ తమ పురాణగాథను ఇంటిపేర్ల కథగా మార్చుకొన్నారు. రాజు చేతిమీదుగా పేరు పొందడమన్న కథాంశం లిన్‌ల కథలోనిదే. కనుక రెండు జాతుల కథల మధ్య ఉన్నది సంస్కృతీ, అసంస్కృతీ అన్న భేదం కాదు. రెండూ సామ్రాజ్యం ముందు గుర్తింపు కోరే ఒకే వ్యాకరణంలో చెప్పిన వాక్యాలు. ఆ గుర్తింపుకు బరువు ఉన్నది. జెజియాంగ్ రాష్ట్రంలోని చుజౌ ప్రాంతపు షె జనులు రాజోద్యోగ పరీక్షలు వ్రాయడానికి 1803లో రువాన్ యువాన్ పాలనలో గాని అనుమతి దొరకలేదు. అటువంటి లోకంలో యింగ్‌చువాన్ కథ కలిగి ఉండడం, పాన్‌హు కథ కలిగి ఉండడం ఒకటి కావు.

మన పరిశోధకులు డక్కలివారు చెప్పే జాంబపురాణాన్ని వలసల దస్తావేజుగా చదవరు. ఒక కులం తన స్థానాన్ని గురించి చేసే వాదంగా చదువుతారు. హక్కా కథలకు ఈ మర్యాద ఆలస్యంగా దక్కింది. దక్కిన తరువాత కూడ వాదం రెండవ కొసకు పోయింది. ఫాంగ్ షుయెజియా 1994లో హక్కాలు ప్రధానంగా ఆ కొండల స్థానికులేనని ప్రతిపాదించాడు. ఉత్తరపు మూలాన్ని నిరూపించలేని కథ స్థానిక మూలాన్ని మాత్రం ఎట్లా నిరూపిస్తుంది? ప్రశ్న మారలేదు, జవాబు మాత్రమే తిరగబడింది.

పుట్టుకను వెదకడం మాని, వ్రాతలోని అతుకులను వెదకడం ఫలవంతం. హక్కా వంశచరిత్రలు సామాన్యుల ఇండ్లలో విస్తరించినది 16వ శతాబ్ది తరువాత. వాటిలో ఉత్తరపు మూలపురుషులకూ, పరీక్షలు గెలిచిన తరువాతి తరాల పండితులకూ నడుమ కొన్ని తరాల పేర్లు వింతగా ఉంటాయి. ఒక సంఖ్య, దాని వెనుక ‘లాంగ్’ అన్న మాట. లేదా ‘ఫా’ అన్న అక్షరంతో కూడిన పేరు. ఇవి దావోమతపు దీక్షలో పొందే పేర్లనీ, షె, యావ్ జనులలోనూ ఇటువంటివే ఉన్నవనీ చాన్ వింగ్-హోయ్ 1995లో వివరించాడు. వ్రాసినవారు ఆ పేర్లను తీసివేయలేదు. పూర్వుల పేరు చెరపడం పాపమన్న భయం కావచ్చు. పై పుటలో యింగ్‌చువాన్ సేనాని, క్రింది పుటలో పట్టభద్రుడు, నడుమ దీక్షపొందిన కొండవాడు. లువో షియాంగ్‌లిన్ ఈ మూడింటినీ ఒకే వంశధారగా చదివాడు. నడిమి పేర్లను విడిగా తీసి, షె వంశావళులతో వరుసగా పోల్చే పని ఒక్కొక్క ఇంటిపేరుకు జరగవలసి ఉన్నది. అందుకు జొంగ్‌ల వంశచరిత్రలే తగిన మొదలు.