గడువు ఎవరి చేతిలో ఉంది?

రాయలసీమ కథ అనగానే మన విమర్శకు రెండే మాటలు గుర్తొస్తాయి: కరువు, ఫ్యాక్షన్. ఈ రెండింటి పక్కనుంచే ఇంకో దారి దశాబ్దాలుగా కువైట్‌కు పోతోంది. పాత కడప జిల్లా రాయచోటి, రాజంపేట నుంచి, పాత చిత్తూరు జిల్లా పీలేరు, వాయల్పాడు, మదనపల్లె వైపునుంచి ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళ దారి అది. వాళ్ళ మీద కథలూ కవితలూ రాలేదని నేననను. కానీ నేను చదివిన వాటిలో చాలా వరకు రెండు చోట్లే ఆగిపోతాయి. పిల్లల్ని తల్లికి అప్పజెప్పి బస్సెక్కే చోట ఒకసారి, సొమ్ముతోనో శవపేటికలోనో తిరిగొచ్చే చోట ఇంకోసారి. మధ్యలో గడిచిన పదేళ్ళు, పదిహేనేళ్ళు ఏమయ్యాయి?

ఆ మధ్యకాలాన్ని నడిపించేది అకామా. ఆ దేశంలో ఉండడానికీ పనిచేయడానికీ ఇచ్చే అనుమతి. దానికొక గడువు ఉంటుంది. గడువు తీరేలోపు మళ్ళీ కొట్టించాలి. కొట్టించాల్సింది ఆమె కాదు, ఆమెను పనిలో పెట్టుకున్న కఫీల్. అతను మరిచిపోయినా, డబ్బు దండగనుకున్నా, కోపంతో కావాలనే ఆపేసినా, చట్టం ముందు దోషిగా నిలబడేది ఆమె. ఒకరి చేతిలో ఉన్న పనికి ఇంకొకరు శిక్ష అనుభవించే ఈ ఏర్పాటును సాహిత్యం ఎలా చదివింది అన్నదే నా ప్రశ్న.

ముందు మాటల దగ్గర మొదలుపెడదాం. కువైట్‌లో ఇంటిపనివాళ్ళ అకామా ఇరవయ్యో ఆర్టికల్ కింద వస్తుంది. మనవాళ్ళు దాన్ని ‘ఖద్దామా వీసా’ అంటారు. ఖద్దామా అంటే పనిమనిషి. కంపెనీల్లో పనిచేసేవాళ్ళది పద్దెనిమిదో ఆర్టికల్. ఇరవై నుంచి పద్దెనిమిదికి మారడానికి మామూలుగా దారి లేదు. 2024 జూలై, సెప్టెంబరు మధ్య రెండు నెలలు మాత్రం తలుపు కొద్దిగా తెరిచారు. ఇక అకామా పోయినవాళ్ళను ‘ఖల్లివెల్లి’ అంటారు. పోనీలే, వదిలెయ్ అనే అరబ్బీ మాట అది. గల్ఫు తెలుగులో అది మనిషికి పేరైంది. మనిషి పోయి, ఆమెను వదిలేసిన చర్య ఒక్కటే మిగిలింది. మన భాషలోకి వచ్చిన ఈ కొత్త మాటలను మన నిఘంటువులు పట్టించుకోకపోతే పోనీ, స్త్రీవాద విమర్శ ఎందుకు పట్టించుకోలేదు?

పరిశోధన పని మీద పీలేరు వైపు తిరిగినప్పుడు, చాలా ఏళ్ళు కువైట్‌లో ఉండి వచ్చిన ఒకామెను, ‘ఎందుకు ఆ ఇల్లు వదిలి బయటికొచ్చినావక్కా?’ అని అడిగాను. ‘నేను యాడికీ పోలేదమ్మణ్ణీ, ఆ ఇంట్లోనే అంట్లు తోముకుంటా ఉండా. అకామానే నన్నిడిసిపెట్టి పొయ్యింది’ అంది. ‘పారిపోయిన పనిమనిషి’ అనే మామూలు కథను ఆ ఒక్క మాట తలకిందులు చేస్తుంది. కదలకుండా ఒకే వంటింట్లో ఉన్న మనిషి రాత్రికి రాత్రి నేరస్థురాలవుతుంది. ఇందులో ప్రయాణం లేదు, సాహసం లేదు. తేదీ మారడమే సంఘటన.

బహుశా అందుకేనేమో కథకులకు ఇది అందలేదు. బెన్యామిన్ మలయాళ నవల ‘ఆడుజీవితం’ (2008) చూడండి. రియాద్ విమానాశ్రయంలో నజీబ్‌ను తీసుకుపోయినవాడు అతని అసలు యజమాని కాదని మనకు చివర్లో తెలుస్తుంది. జైల్లో పనివాళ్ళను వరసగా నిలబెడితే యజమానులు వచ్చి గుర్తుపట్టి తీసుకుపోయే దృశ్యం ఆ నవలకు గుండెకాయ. నజీబ్ బతికి బయటపడింది తన వీసా ఆ అర్బాబ్‌ది కానందువల్లే. కాగితం మనిషిని ఎలా సొంతం చేసుకుంటుందో ఇంత బాగా చెప్పిన రచన నాకింకొకటి తెలీదు. అయితే అది ఎడారిలో మగవాడి కథ. ఎడారి కనబడుతుంది. వంటిల్లు కనబడదు.

వంటింట్లోకి తీసుకెళ్ళింది కువైట్ రచయిత సౌద్ అల్సనౌసి. 2013లో అరబిక్ నవలకిచ్చే అంతర్జాతీయ బహుమతి పొందిన ఆయన ‘వెదురు కొమ్మ’ నవలలో జోసెఫిన్ అనే ఫిలిప్పీన్స్ పనిమనిషి ఉంది. ఆ ఇంటి కొడుకు ఆమెను రహస్యంగా పెళ్ళాడతాడు, చంటిబిడ్డతో సహా వెనక్కి పంపేస్తాడు. ఒక కువైటీ రచయిత తన సమాజాన్ని ఇలా నిలదీయడం చిన్న విషయం కాదు. కానీ కథ చెప్పేది కొడుకు. అతని వెతుకులాటకు తల్లి మొదటి అధ్యాయంగా మిగులుతుంది. కమల్ తీసిన మలయాళ సినిమా ‘గద్దామ’ (2011) పేరులోనే పనిమనిషి ఉంది. అక్కడా ఆమెను వెతికి, అర్థం చేసుకుని, మనకు చూపించే బాధ్యత ఒక సామాజిక కార్యకర్తది. మూడింటిలోనూ ఇంటిపని చేసే స్త్రీ తన గడువును తాను లెక్కపెట్టుకునే గొంతు వినబడదు.

రాజ్యం గొంతు మాత్రం గట్టిగానే వినబడుతుంది. మన 1983 వలసల చట్టం కింద, ఇసిఆర్ పాస్‌పోర్టుతో కువైట్ వంటి దేశానికి ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండాలి. రక్షణ కోసమే అంటారు. నిషేధం ఆకలిని ఆపలేదు. విజిట్ వీసా మీద, ఏజెంటు చెప్పిన దారిన పంపింది. అక్కడ కువైట్ 2015లో గృహకార్మికుల చట్టం తెచ్చింది. వారానికొక సెలవు, పన్నెండు గంటల పరిమితి, 2016లో నెలకు 60 దినార్ల కనీస వేతనం. మంచిదే. అయితే అకామా కఫీల్ చేతిలో ఉన్నంత కాలం ఆ సెలవు అడగడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్షలు ప్రకటించారు. ‘క్షమాభిక్ష’ అన్న మాటను మన పత్రికలు కూడా ప్రశ్నించకుండా వాడాయి. తప్పెవరిది, క్షమించేదెవరు, భిక్ష ఎవరికి? 2025లో అమల్లోకి వచ్చిన కొత్త నివాస చట్టం ప్రకారం ఇంటిపనివాళ్ళు నాలుగు నెలలకు మించి దేశం బయట ఉంటే అకామా పోతుంది. కూతురి కాన్పుకు వచ్చిన తల్లి ఎన్నాళ్ళు ఉండాలో కూడా ఆ తేదీయే చెబుతుంది.

ఇక్కడ చాలామంది పాఠకులకు ఇబ్బంది కలిగించే పోలిక ఒకటి తెస్తాను. ఇదే తిరుపతిలో చదువుకుని, పెళ్ళై, హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్ళిన అమ్మాయిలు ఉన్నారు. ‘డిపెండెంట్’ అనేది వాళ్ళ కాగితం మీది మాట. 2015 మే వరకు వాళ్ళకు పనిచేసే హక్కే లేదు. ఆ తర్వాత కొందరికి పని అనుమతి కార్డు వచ్చింది. అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే, లేదా అతని హెచ్-1బి ఆరేళ్ళకు మించి పొడిగిస్తేనే. గడువూ భర్త వీసా గడువును బట్టే. పొడిగింపు దరఖాస్తు పెండింగులో ఉన్నంత కాలం, ఒక హద్దు వరకు, పాత కార్డుతో పని చేసుకోనిచ్చే వెసులుబాటును 2025 అక్టోబరు 30 నుంచి పెట్టిన దరఖాస్తులకు తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే ఉద్యోగం ఆగిపోవచ్చు.

ఈ ఇద్దరూ ఒకటేనని చెప్పడం అన్యాయం. ఒకామెకు ఉద్యోగం పోతుంది, ఇంకొకామెకు స్వేచ్ఛే పోతుంది. కులమూ వర్గమూ మతమూ చదువూ వీళ్ళ మధ్య గోడలు కట్టాయి. కానీ ఒకామె ఉనికి కఫీల్‌తో ముడిపడింది, ఒకామెది మొగుడితో. స్త్రీ కాలం మీద ఇంకొకరి సంతకం ఉండడమే రెంటికీ ఉమ్మడి వ్యాకరణం. మనం మాత్రం ఒకామె కథను ‘డయాస్పోరా సాహిత్యం’ అని సదస్సుల్లో చదివాం, ఇంకొకామె కథను ‘వలస సమస్య’ అని జిల్లా ఎడిషన్‌కు వదిలేశాం. ఆ విభజన చేసింది రచయితలు కాదు, మనం, విమర్శకులం.

కాబట్టి ముందుగా మన చదివే పద్ధతి మారాలి. కువైట్ నుంచి వచ్చిన స్త్రీని బాధితురాలిగానో, ఊరి గుసగుసల్లోని ‘చెడిపోయిన ఆడది’గానో చూడడం మాని, ఆమె చెప్పే తారీఖులను వినాలి. ఏ యేడు అకామా కొట్టారు, ఏ యేడు కొట్టలేదు, పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంది, ఔట్‌పాస్ కోసం ఎన్నాళ్ళు కూర్చుంది. ఆ తారీఖుల వరసలో ఒక ఆత్మకథ రూపం ఉంది. మనకు అలవాటైన ఆరంభం, ఉత్కంఠ, ముగింపు అందులో ఉండవు. తెగిపోతూ అతుక్కుంటూ సాగే కాలం ఉంటుంది. దాన్ని సాహిత్యంగా గుర్తించగలిగిన రోజు, రాయలసీమ కథకు కరువూ ఫ్యాక్షనూ కాక ఇంకో పేరు కూడా ఉందని మన పాఠ్యపుస్తకాలు ఒప్పుకోక తప్పదు.